చేతిలో ఫోన్ ఉండగా ఇంకా రీలు ఎందుకు? ఫిల్మ్ కెమెరా వాడేవాళ్లు చెప్పండి

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. రీలు కెమెరా మెడలో వేసుకుని ఘాట్ల దగ్గర తిరుగుతుంటే కనబడినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "మంచి ఫోన్ ఉండగా ఇదెందుకండీ?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీరూ మీ మీ కారణాలు రాయండి.

నాది నికాన్ ఎఫ్ఎం10. బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్ కోసమే, అది అయిపోయినా షట్టర్ పడుతుంది. ఎక్కువగా నలుపు తెలుపు రీలు ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 వేస్తాను. తెల్లారగానే పుష్కర ఘాట్, లేకపోతే కోటిలింగాల ఘాట్.

నాకు అన్నిటికంటే నచ్చేది, తీశాక వెనక్కి తిప్పి చూసుకోవడానికి తెర లేకపోవడం. పూలమ్మే ఆమెతో మాట్లాడుతూ ఒకటి తీస్తాను, మాట ఆగదు. ఆమె నన్ను చూస్తూనే ఉంటుంది, నేను ఆమెను చూస్తూనే ఉంటాను. డిజిటల్‌తో తీసేటప్పుడు ప్రతి క్లిక్ తరవాతా నా తల కిందికి వాలేది. మళ్లీ ఎత్తేసరికి ఎదుటి మనిషి సర్దుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చునేవారు. నాకు కావలసిన ముఖం అప్పటికే పోయేది.

రెండోది తెలుపు. తొమ్మిది గంటల ఎండలో ఘాట్ మెట్ల మీద తెల్ల పంచె కట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నారనుకోండి. డిజిటల్‌లో ముఖం మీది నీడ చూసుకుని తీస్తే పంచె ఎండ వైపు ఒట్టి తెల్ల మచ్చగా మిగులుతుంది. నెగటివ్‌లో అదే నీడకి కొలిచి తీసినా ఎండ వైపు గంజి మడతలు కనిపిస్తాయి, తడి ఆరని అంచు కనిపిస్తుంది, నేత కూడా తెలుస్తుంది. నెగటివ్ ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. డిజిటల్ స్వభావం దీనికి తలకిందులు. మన పంచెలకీ, నూలు చీరలకీ, సున్నం వేసిన గోడలకీ నెగటివ్ ఎంత బాగా పనికొస్తుందో ఎవరైనా పుస్తకమంత రాయాలి.

ఇంట్లో రీళ్లు కడుక్కోవడం (డెవలప్ చేసుకోవడం) గురించి చాలా ఉంది, అది తరవాత.

పెళ్లిఫ్రేమ్ (విజయవాడ)

అన్నా, గౌరవంతోనే అడుగుతున్నాను. నేను పెళ్లిళ్లు తీస్తాను, రోజూ రెండు డిజిటల్ బాడీలతో పని. ఇప్పుడు కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే ఫ్రేముకి నలభై రూపాయల పైనే పడుతోంది. ఆ డబ్బుతో నేర్చుకునే కుర్రాడు డిజిటల్‌లో వేల ఫోటోలు తీసి, అదే రోజు తన తప్పు తనే చూసుకుంటాడు. తెలుపు సంగతి అంటారా, కెమెరా మార్చకుండా దాచే రా ఫైల్‌లో కాస్త తక్కువ ఎక్స్‌పోజ్ చేసి నీడలు పైకి లేపితే పంచె మడతలు నాకూ వస్తాయి.

ఇక ఆగి, ఆలోచించి తీయడం. తెర ఆపేసి, రీల్లో ఉన్నట్టు రోజుకి 36 మాత్రమే తీస్తానని నియమం పెట్టుకుంటే డిజిటల్‌లోనూ అదే సాధన కదా? వెలుతురు తెలిసినవాడు దేంతో తీసినా తీస్తాడు. రీలు వల్ల ఫోటో బాగుపడుతుందని కొత్తవాళ్లకి చెప్పడం నాకు సబబుగా అనిపించదు.

గోదారిగట్టు

తమ్ముడూ, రీలు వల్ల ఫోటో బాగుపడుతుందని నేనూ అనను. నేను చెప్పేది తీయడంలో ఉన్న ఆనందం గురించి. నియమం సంగతి మాత్రం ఒప్పుకోను. నేను పెట్టుకున్న నియమాన్ని నేనే ఏ క్షణమైనా తీసేయగలను, ఆ సంగతి నొక్కే వేలికి తెలుసు. రీల్లో 31వ ఫ్రేమ్ దగ్గర ఉన్నప్పుడు ఐదే మిగిలాయన్నది నా ఇష్టాయిష్టాలతో పని లేని నిజం. అప్పుడు చూపు మారుతుంది.

పాతస్టూడియో (నిడదవోలు)

మీ ఇద్దరి మాటలూ చదివాను. నేను 1978లో స్టూడియోలో చేరాను. నలుపు తెలుపు కాలం చూశాను, కలర్ వచ్చాక చూశాను, డిజిటల్ వచ్చాక షాపు అబ్బాయికి అప్పగించాను. కాబట్టి నా మాట కాస్త వేరుగా ఉంటుంది.

పెళ్లి తీసేటప్పుడు రీలు మాకు ఆనందం కాదు బాబూ, టెన్షన్. మాంగల్యధారణ ఒక్కసారే జరుగుతుంది. ఆ క్షణంలో రీలు అయిపోకూడదు. అందుకని పంతులుగారు జీలకర్ర బెల్లం పళ్లెం చేతిలోకి తీసుకోగానే, లోపల ఇంకా ఏడెనిమిది ఫ్రేములు ఉన్నా సరే, ఆ రీలు చుట్టేసి కొత్తది ఎక్కించేవాళ్లం. మిగిలిన ముక్క వృథా అయినా పరవాలేదు. యజమాని మాకు నేర్పిన మొదటి పాఠం అది.

ఫ్లాష్ లెక్క అంతా తలలోనే. ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబరు 32 అయితే, నూరు స్పీడు (వెలుతురుకి స్పందించే వేగం) రీలుకి, నాలుగు మీటర్ల దూరానికి లెన్సు రంధ్రం ఎఫ్8. రెండు మీటర్లకి జరిగితే ఎఫ్16. ఆ దూరాలు కాళ్లకి అలవాటైపోయేవి. పందిట్లో ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారో అడుగులు వేయకుండానే చెప్పేవాణ్ని.

ఆనందం అన్నది రాత్రి డార్క్ రూమ్‌లో. పెళ్లివారి గోల అంతా అయ్యాక ఎర్ర బల్బు కింద ట్రేలో కాగితం వేసి అటూ ఇటూ ఊపుతుంటే పదిహేను సెకన్లకి ముందు జుట్టు తేలుతుంది, తరవాత కనుబొమలు, ఆ తరవాత పట్టుచీర అంచు. తెల్లటి ముఖం చివరికి వస్తుంది. ఎన్ని వేల ప్రింట్లు వేసినా నాకు అది విసుగు రాలేదు. ఇప్పటికీ రాదు.

తొలిరీలు (హైదరాబాద్)

సార్, జుట్టు ముందు తేలుతుందని మీరు రాసింది చదివి ఒళ్లు పులకరించింది. నాకు అచ్చంగా అలాగే జరిగింది. నేను మాసబ్ ట్యాంక్‌లో ఫోటోగ్రఫీ చదువుతున్నాను. నేను పుట్టి ఊహ తెలిసేసరికే ఇంట్లో డిజిటల్ కెమెరా ఉంది. కాబట్టి నాకు రీలు పాత జ్ఞాపకం కాదు, కొత్త వస్తువు. చాలామంది దీన్ని పాతకాలం మీద మమకారం అనేస్తారు. నాలాంటివాళ్లకి ఆ మాట వర్తించదు.

నాకు ఎక్కువ ఇష్టం కాంటాక్ట్ షీట్. రీలుని ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి, ఒకే కాగితం మీద వరసగా పరిచి, పైన గాజు పెట్టి వెలుతురు ఇస్తే 36 బొమ్మలూ ఒకే చోట వస్తాయి. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజులు చేసే చోట ఒక రీలు తీశాను. షీట్ చూస్తే నేను ఏ క్రమంలో ఆలోచించానో తెలిసిపోయింది. ముందు దూరంగా నిలబడి మూడు తీశాను. తరవాత భయం పోయి దగ్గరికి వెళ్లాను. లక్క కరిగించే నిప్పుల దగ్గర చేతులు మాత్రమే వరసగా తీశాను. ఫోన్‌లో అయితే నచ్చనివి అక్కడికక్కడే చెరిపేసేదాన్ని, ఆ దారి నాకు కనిపించేది కాదు. మా క్లాసులో మాస్టారు ప్రింటు కంటే ముందు కాంటాక్ట్ షీటే అడుగుతారు.

ఓరుగల్లు_రసాయనం (వరంగల్)

తొలిరీలు గారూ, చాలా మంచి మాట రాశారు. నేను కెమిస్ట్రీ చెప్తాను, కాబట్టి నా ఆనందం ఇంకో వైపు నుంచి వస్తుంది.

షట్టర్ తెరుచుకున్న ఆ వందో వంతు సెకనులో ఫిల్మ్ మీద జరిగేది కంటికి కనిపించదు. సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికం మీద వెలుతురు పడితే, దాని ఉపరితలం మీద ఒక చోట నాలుగైదు వెండి పరమాణువులు పోగవుతాయి. అంతే. ఏ మైక్రోస్కోపులో పెట్టి చూసినా మామూలుగా ఏమీ కనిపించదు. కానీ బొమ్మ అప్పటికే ఉంది. ఆ నాలుగైదు పరమాణువులు ఉన్న స్ఫటికాన్ని డెవలపర్ గుర్తుపట్టి మొత్తం వెండిగా మార్చేస్తుంది. అవి లేని స్ఫటికం జోలికి దాదాపు పోదు. తరవాత హైపో ఆ మిగిలినవాటిని కరిగించి తీసుకెళ్తుంది. కెమెరాలో కనబడకుండా ఉన్న బొమ్మ నెలల తరబడి అలాగే నిలిచి ఉంటుందన్న ఆలోచన నాకు ఇన్నేళ్లు పాఠం చెప్పాక కూడా కొత్తగానే ఉంటుంది.

డెవలపర్ నేనే కలుపుకుంటాను. కొడాక్ 1927లో తెచ్చిన డి-76కి సూత్రం అందరికీ తెలిసిందే. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, అన్‌హైడ్రస్ సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. 50 డిగ్రీల వేడి నీళ్లు ముప్పావు లీటరు తీసుకుని, చిటికెడు సల్ఫైట్ వేసి, ముందు మెటాల్ కరిగించాలి. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ సరిగ్గా కరగదు. చేతులకి తొడుగులు తప్పనిసరి, మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. లాబరేటరీ సామాన్లు అమ్మే షాపులో ఇవన్నీ దొరుకుతాయి.

విశాఖఅల (విశాఖపట్నం)

మాస్టారూ, మాకు అసలు సమస్య నీళ్లు. ఏ పుస్తకం చూసినా డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలంటుంది. ఏప్రిల్లో మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలుతున్నాయి. మీరు ఎలా నెట్టుకొస్తున్నారు?

ఓరుగల్లు_రసాయనం

మేడమ్, వరంగల్ మేలో మీకంటే ఘోరం. హెచ్‌పి5కి డి-76 నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగితే సమయం తగ్గించాలి, కానీ ఐదు నిమిషాల లోపుకి దిగితే డెవలపర్ అంతటా సమంగా పనిచేయదు, ఆకాశంలో చారలు పడతాయి. నేను డెవలపర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి 24 డిగ్రీల దగ్గర కడుగుతాను. అప్పుడు ఏడున్నర నిమిషాల చుట్టుపక్కల వస్తుంది.

పెద్ద ప్లాస్టిక్ టబ్బులో కుండ నీళ్లు పోసి, రెండు ఐస్ ప్యాకెట్లు వేసి, రసాయనాల సీసాలన్నీ అందులో నిలబెట్టండి. డెవలపర్ ఒక్కటే చల్లబరిచి, కడిగే నీళ్లు వేడిగా వదిలేస్తే ఫిల్మ్ మీది ఎమల్షన్ పొర ముడతలు పడుతుంది. అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. నీళ్లు పొదుపు కావాలంటే ఇల్ఫోర్డ్ పద్ధతి ఉంది: ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవై సార్లు. గంటల తరబడి కుళాయి కింద పెట్టక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్తే మీకు నచ్చుతుంది. కలర్ నెగటివ్‌ల సి-41 పద్ధతికి డెవలపర్ 38 డిగ్రీల దగ్గర ఉండాలి. చలి దేశాల్లో దానికోసం హీటర్లు కొంటారు. మనకి వేసవి మధ్యాహ్నం సీసా వరండాలో పెడితే సగం పని అయిపోతుంది. మూడుంపావు నిమిషాల్లో డెవలప్ అవుతుంది. నలుపు తెలుపు చలికాలంలో, కలర్ ఎండాకాలంలో కడుక్కోవడం మన వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది.

గోదారిగట్టు

మాస్టారూ, ఈ ఒక్క జవాబు కోసమైనా ఇది మొదలుపెట్టడం మంచిదైంది.

నా వైపు నుంచి రెండు. ఫిల్మ్‌ని స్పూల్‌కి ఎక్కించేది వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు దూర్చి, కళ్లతో పని లేకుండా. ఎండాకాలం మధ్యాహ్నం ఆ సంచిలో చేతులు చెమట పట్టి ఫిల్మ్ స్పూల్‌కి అతుక్కుంటుంది. అందుకే పొద్దున్నే స్నానం కాకముందు ఎక్కించేసి ట్యాంకు మూత బిగించి పెట్టుకుంటాను, కడిగేది ఎప్పుడైనా సరే. రెండోది, మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆరిన తరవాత నెగటివ్ మీద తెల్ల మరకలు ఉండిపోతాయి. చివరి కడుగు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే ఆ బాధ లేదు. ఐదు లీటర్ల క్యాను చాలా రీళ్లకి వస్తుంది. ఆరేసేది బాత్రూమ్‌లో, ముందు కాసేపు షవర్ తిప్పి దుమ్ము అణగనిచ్చాక.

స్పూల్‌కి ఎక్కించేటప్పుడు వేళ్ల చివర ఫిల్మ్ అంచు గాడిలోకి దూరి, ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే టిక్ టిక్‌మని లోపలికి పాకుతుంది చూడండి, ఆ నిమిషం నాకు ఇంకే ఆలోచనా ఉండదు.

పెళ్లిఫ్రేమ్

మాస్టారుగారి పరమాణువుల మాట నాకు నచ్చింది. వాడిన రసాయనాలు ఏం చేస్తారు? కాలవలో పోస్తారా? పర్యావరణం మాట కూడా చూడాలి కదా.

ఓరుగల్లు_రసాయనం

చాలా అవసరమైన ప్రశ్న. వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది, దాన్ని బావిలోనో కాలవలోనో పోయకూడదు. నేను ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి అందులో ఇనుప పీచు వేస్తాను. స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు, తుప్పు పట్టేదే కావాలి. ఇనుము కరిగి వెండి అడుగున నల్లటి బురదగా దిగుతుంది. పూర్వం స్టూడియోల నుంచి ఈ హైపో కొనేవాళ్లు ఉండేవారు. పెద్దాయనకి తెలిసే ఉంటుంది.

పాతస్టూడియో

తెలుసు మాస్టారూ, నెలకోసారి క్యాన్లతో వచ్చేవారు. హైపోతో ఆగలేదు. డిజిటల్ వచ్చాక పాత నెగటివ్‌లు కూడా కిలోల లెక్కన వెండి తీసేవాళ్లకి పోయాయి. మా చుట్టుపక్కల ఎన్ని స్టూడియోల బీరువాలు అలా ఖాళీ అయ్యాయో నాకు తెలుసు. ముప్ఫై నలభై ఏళ్ల ఊరి ముఖాలు అవి. పెళ్లిళ్లు, స్కూలు గ్రూపులు, చంటిపిల్లల మొదటి ఫోటోలు, చనిపోయినవాళ్లకి పటం కట్టించడానికి తీసినవి. దానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

తొలిరీలు

అయ్యో సార్. మా క్లాసులో రాజా దీన్ దయాళ్ గురించి చదువుకున్నాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది, 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో వేరే స్టూడియో కూడా పెట్టారు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆయన చనిపోయింది 1905లో. అంటే నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ గాజు పలక తీసి ఈ రోజు ప్రింటు వేసుకోవచ్చు. రాజుల నెగటివ్‌లు మిగిలాయి, మామూలు మనుషులవి వెండికి పోయాయంటే చాలా బాధగా ఉంది.

హడ్సన్‌తీరం (న్యూజెర్సీ)

నమస్తే అందరికీ. సొంతూరు గుంటూరు. ఇక్కడ ఫిల్మ్ దొరకడం తేలిక, కొడాక్ ఫ్యాక్టరీ ఉన్న రోచెస్టర్ ఇదే దేశంలో ఉంది. 2012లో దివాలా పిటిషన్ వేసిన కంపెనీ మళ్లీ నిలబడి, 2018లో ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్‌ని తిరిగి తెచ్చింది. కొడాక్రోమ్‌కి ఆ అదృష్టం లేదు. 1935లో వచ్చి 2009లో ఆగిపోయింది, కాన్సాస్‌లోని చివరి ల్యాబ్ 2010 చివరికి కడగడానికి రీళ్లు తీసుకోవడం మానేసింది. పెంటాక్స్ 2024లో కొత్త ఫిల్మ్ కెమెరా విడుదల చేసింది కూడా, ఫ్రేముని సగం చేసి 36 రీల్లో 72 తీసేది. మా నాన్న కాలపు ఒలింపస్ పెన్ కెమెరా పద్ధతే.

ఇండియా వచ్చేవాళ్లకి ఒక్క జాగ్రత్త. ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు చేతి సామానుకి సీటీ స్కానర్లు పెడుతున్నారు. పాత ఎక్స్‌రే మెషీన్లలో తక్కువ స్పీడు ఫిల్మ్ ఒకటి రెండు సార్లు వెళ్లినా పెద్దగా ఏమీ అయ్యేది కాదు. సీటీ స్కానర్ మాత్రం ఒక్కసారికే పొగ కమ్మినట్టు చేస్తుందని కొడాక్, ఇల్ఫోర్డ్ రెండూ హెచ్చరించాయి. చెక్-ఇన్ సామానులో అసలు పెట్టకండి. రీళ్లన్నీ డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన కవర్లో వేసుకుని చేతితో చూడమని అడగండి. ఇక్కడ అడిగితే చేస్తారు. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ల ఇష్టం మీద ఉంటుంది, కాస్త ముందుగా వెళ్లి ఓపిగ్గా అడగాలి. వీలైతే ఇండియాలోనే కొని, ఇండియాలోనే కడిగించుకుని రావడం మేలు.

నాకు రీలు ఎందుకంటే, ఇంటికొచ్చినప్పుడు అమ్మనీ పెద్దమ్మనీ తీస్తాను. ఫోన్‌లో తీసినవి ఎన్ని వేలు ఉన్నాయో నాకే తెలియదు, వాటిని మళ్లీ తీసి చూసిందీ లేదు. రీలు మాత్రం కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. ప్రింటు వచ్చిందంటే అది పెద్దమ్మ చేతికి వెళ్తుంది, ఆమె దాన్ని పూజగది తలుపు దగ్గర గుచ్చుతుంది.

విశాఖఅల

మీ పెద్దమ్మగారి తలుపు మా ఇంట్లోనూ ఉంది.

నా కెమెరా సంగతి చెప్తాను, పాత కెమెరాలు కొనేవాళ్లకి పనికొస్తుంది. నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35, బీరువాలో పడుకుని ఉంది. దాని అసలు పాదరసం బ్యాటరీ ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. చిన్న అడాప్టర్ పెట్టి ఆరు వోల్టుల బ్యాటరీ వేస్తే పనిచేస్తోంది. వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి తారులా కరిగిపోయింది, అది గీకేసి కొత్తది అతికించుకున్నాను. లెన్సులో బూజు మాత్రం నేను ముట్టుకోలేదు, రిపేరు చేసేవారికి ఇచ్చాను. మా సముద్రపు తేమలో బూజు ఎవరినీ వదలదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, లోపల తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టుకోండి. 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. తోలు కేసులో మాత్రం పెట్టకండి, బూజుకి ఇల్లు అదే.

కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి, లెన్సు కళ్ల ముందు పెట్టుకుని ఒక సెకను స్పీడులో షట్టర్ కొట్టి చూడండి. పాత కెమెరాలు ముందు తడబడేది నెమ్మది స్పీడుల్లోనే. బ్యాటరీ గదిలో పచ్చటి పొక్కులు ఉంటే బేరం ఆపేయండి.

ఆర్కే బీచ్‌లో దాన్ని తీసుకెళ్లిన మొదటి రోజు ఫోకస్ సరిచూసుకునే రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకదాని మీదికొకటి జరిగి కలుస్తుంటే, నాన్నగారు మమ్మల్ని నిలబెట్టి అంతసేపు ఏం చూసేవారో అర్థమైంది.

తొలిరీలు

అక్కా, మీటర్ పనిచేయని కెమెరా కొనవచ్చా? కోఠీలో ఒకటి బాగా తక్కువకి ఇస్తామంటున్నారు.

పాతస్టూడియో

కొనమ్మా, షట్టర్ బాగుంటే చాలు. మా రోజుల్లో మీటర్ ఎవరి దగ్గర ఉంది? నడి ఎండలో ఎఫ్16 పెట్టు, షట్టర్ రీలు స్పీడుకి దగ్గరలో పెట్టు. 400 రీలుకి 500, అంటే సెకనులో ఐదువందో వంతు. పలచటి మబ్బు పడితే ఎఫ్11, బాగా మబ్బు పడితే ఎఫ్8, చెట్టు నీడలో ఎఫ్5.6, లేదా ఇంకొకటి తెరువు. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్లకి ఎఫ్4, షట్టర్ 125. నెల రోజులు వెలుతురుని చూసి మనసులో అంకె చెప్పుకుంటూ తిరుగు, ఆ తరవాత మీటర్ ఉన్నా దాని వంక చూడవు.

పెళ్లిఫ్రేమ్

పెద్దాయనా, ఈ అరుగు లెక్క నేను రేపే నా డిజిటల్‌లో మాన్యువల్ పెట్టి చూస్తాను. మీటర్ చూడకుండా తీసి ఎన్నేళ్లయిందో.

మీ కాలంలో ఏ రీళ్లు వాడేవారు? కొడాక్ అంత తేలిగ్గా దొరికేది కాదని విన్నాను.

పాతస్టూడియో

నలుపు తెలుపులో తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఎక్కువ వాడాం. మనదేశంలో తయారైన ఇందు కూడా. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అని కేంద్ర ప్రభుత్వ కంపెనీ, 1960లో పెట్టారు. ఊటీలో చలి, గాలిలో దుమ్ము తక్కువ, ఫిల్మ్ తయారీకి రెండూ కావాలి. రీలూ, ప్రింటు కాగితమూ, ఆస్పత్రి ఎక్స్‌రే ఫిల్మూ అన్నీ ఇందు పేరుతోనే వచ్చేవి. ఆ ఫ్యాక్టరీ మూతపడిందంటే నాకు సొంత ఇల్లు పోయినట్టుంది. ఇవాళ మన దేశపు రీలు ఒకటి ఉంటే ఈ పిల్లలు ఫ్రేముకి నలభై రూపాయలు పెట్టాల్సిన పని ఉండేదా?

1991 గోదావరి పుష్కరాలు నేను ఇందు రీళ్ల మీదే తీశాను. యాషికా మ్యాట్ 124జి కెమెరా, రీలుకి 12 ఫ్రేములు, చదరంగా ఆరు సెంటీమీటర్ల నెగటివ్. కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర ఒడ్డున తీసినవి. అప్పట్లో పత్రికకి పంపడానికి కొన్ని ప్రింట్లు వేశాను, తక్కినవి కాంటాక్ట్ కూడా వేయలేదు. రేకు పెట్టెలో ఉన్నాయి. వెండివాళ్లు అడిగినా ఇవ్వలేదు.

గోదారిగట్టు

ఏమండీ!! 1991 పుష్కరాలవి, ప్రింటు వేయనివి, పెట్టెలో ఉన్నాయా? నిడదవోలు మాకు పక్కనే. 2027లో మళ్లీ పుష్కరాలు. నేను వాటిని రీలు మీద తీయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ముందు మీవి చూడాలి. ఎప్పుడు రమ్మంటారు?

ఓరుగల్లు_రసాయనం

ఆగండాగండి. పెద్దాయనా, పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తోందా? వస్తుంటే ఫిల్మ్ బేస్ పాడవడం మొదలైందని అర్థం. అలాంటివాటిని మంచివాటి నుంచి వెంటనే విడదీయాలి, ఆ ఆవిరి పక్కనున్నవాటికీ అంటుతుంది. ఒకదానికొకటి అతుక్కున్నవి ఉంటే బలంగా లాగకండి. అసలు వాటిని కదపకుండా నన్ను అడగండి.

పాతస్టూడియో

ఇప్పుడే తెరిచి చూశాను. వాసన లేదు. బటర్ పేపర్ కవర్లలో పెట్టాను, కవర్ల మీద తేదీలు కూడా ఉన్నాయి. అంచుల్లో కొద్దిగా వెండి మెరుపు వచ్చింది, బొమ్మ బాగుంది. ఒకటి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఒక ముసలామెని కొడుకు కాబోలు వీపు మీద ఎక్కించుకుని మెట్లు దిగుతున్నాడు. నేను తీసిన సంగతే మర్చిపోయాను.

పెళ్లిఫ్రేమ్

నేను వస్తాను. మ్యాక్రో లెన్సు, కాపీ స్టాండు, ఎల్ఈడీ ప్యానెల్ నా దగ్గర ఉన్నాయి. ఒక్కో నెగటివ్‌ని నా డిజిటల్‌తో రా ఫైల్‌గా కాపీ తీస్తే గంటకి వంద అయిపోతాయి. ప్రింటు వేసే ముందే ఒక నకలు భద్రంగా ఉంటుంది. దుమ్ము ఊదే బ్లోయరు, నూలు తొడుగులు తెస్తాను. పైసా వద్దు, ఆ ఫోటోలు చూడాలి నాకు.

తొలిరీలు

సార్, నేనూ రావచ్చా? ఆరు సెంటీమీటర్ల నెగటివ్‌లకి కాంటాక్ట్ షీట్లు నేను వేస్తాను. కాగితం నేనే తెచ్చుకుంటాను. ఎర్ర బల్బు కింద మీరు ప్రింటు వేస్తుంటే ఒక్కసారి చూడాలి.

హడ్సన్‌తీరం

ప్రింటు కాగితం ఖర్చు నాది. ఏ సైజు, ఏ గ్రేడు కావాలో చెప్పండి, అక్కడి షాపు నుంచే పంపిస్తాను. ముసలామెది నాకు ఒక ప్రింటు కావాలి.

పాతస్టూడియో

అందరూ రండి. వచ్చే ఆదివారం పొద్దున్న ఎనిమిదికల్లా వస్తే ఎండ ముదిరే లోపు కాపీ పని చూసుకోవచ్చు, ప్రింట్లు సాయంత్రం చీకటి పడ్డాక. భోజనం మా ఇంట్లోనే. కాగితం ఎనిమిది పది అంగుళాలది, మల్టీగ్రేడ్ అయితే నాకు చెయ్యి అలవాటు. డెవలపర్ మాస్టారు కలిపి పంపిస్తానన్నా సరే, పొడి తెచ్చినా సరే. ట్రేలు, బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్, కాగితం పట్టే ఈజిల్ అన్నీ తుడిచి పెడతాను. ఎన్‌లార్జర్‌కి మామూలు బల్బు పనికిరాదు, పైన అక్షరాలు లేని 75 వాట్ల పాల బల్బు కావాలి. మా ఊళ్లో దొరకడం లేదు. విజయవాడ నుంచి వచ్చే అబ్బాయి అక్కడ ఫోటో సామాన్ల షాపుల్లో అడిగి రెండు పట్టుకురావాలి, ఒకటి మధ్యలో కాలిపోయినా పని ఆగకుండా.